గిటారు చేసే పనిని టర్న్‌టేబుల్ చేయగలదా? ఐడియా అండ్ ఎబిలిటీస్ మూడు ఆల్బమ్‌ల మీద చర్చ

పాత క్యాసెట్

అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్ మీద ఆసక్తి ఉన్న మిత్రులందరికీ నమస్కారం. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నుంచి వచ్చిన ఐడియా అండ్ ఎబిలిటీస్ జంట గురించి ఇక్కడ విడిగా చర్చ జరిగినట్టు కనబడలేదు కనుక నేనే మొదలుపెడుతున్నాను. ఐడియా అనే పేరుతో పాడిన మైఖేల్ లార్సెన్ ర్యాపర్, డీజే ఎబిలిటీస్ టర్న్‌టేబుల్ కళాకారుడు. ఇద్దరూ కలిసి రైమ్‌సేయర్స్ సంస్థ ద్వారా మూడే మూడు పూర్తి ఆల్బమ్‌లు విడుదల చేశారు: 2001లో 'ఫస్ట్ బోర్న్', 2004లో 'ఈ అండ్ ఏ', 2009లో 'బై ద థ్రోట్'. 2010 అక్టోబరు 16న, 28 ఏళ్ళ వయసులో ఐడియా మరణించడంతో ఆ ప్రయాణం అక్కడే ఆగిపోయింది.

మొదటి రెండింటినీ పాతకాలపు ర్యాప్ పద్ధతికి చెందినవిగా, మూడవదాన్ని రాక్ వైపు మళ్ళిన ప్రయోగంగా చెప్పడం అలవాటైపోయింది. నెల రోజులుగా ఈ మూడింటినీ వరుసగా వింటున్న నాకు ఆ విభజన సరైనదిగా తోచడం లేదు. మూడవ ఆల్బమ్‌లో గిటారు ముందుకు వచ్చిన మాట నిజమే. అయితే రాక్ బృందంలో లీడ్ గిటారు చేసే పనిని, అంటే గాయకుడు ఊపిరి తీసుకున్న చోట అందుకుని, అతని మాటకు తన మాట జతచేసి, పాటను ఒక మెట్టు పైకెక్కించి తిరిగి అతనికే అప్పగించే పనిని, ఎబిలిటీస్ మొదటి ఆల్బమ్ నుంచీ స్క్రాచ్‌తోనే, అంటే తిరిగే రికార్డును చేత్తో ముందుకూ వెనక్కీ జరిపి పుట్టించే శబ్దంతోనే, చేస్తూ వచ్చాడని నా నమ్మకం. వాయించేవారు, మిక్స్ చేసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఇందులో తప్పొప్పులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రెండో చెవి

పాత క్యాసెట్ గారూ, మీ ప్రశ్న మంచిదే కాని మీ నమ్మకంతో నేను ఏకీభవించలేను. ఐడియా 1999లో సిన్సినాటి నగరంలో జరిగే స్క్రిబుల్ జామ్ పోటీని, 2000లో హెచ్‌బీఓ ప్రసారం చేసిన బ్లేజ్ బ్యాటిల్‌ను గెలిచినవాడు. ఇద్దరు ర్యాపర్లు ఎదురెదురుగా నిలబడి మాటలతో తలపడే పోటీనే బ్యాటిల్ అంటారు. ఎదురుగా నిలబడినవాడి చొక్కా మడత నుంచి అతను ఇప్పుడే అన్న మాట వరకు దేన్నైనా పట్టుకుని, అక్కడికక్కడే పంక్తుల మీద పంక్తులు అల్లగలిగిన అరుదైన ప్రతిభ అది. ఆ ప్రతిభకు తగిన ఆల్బమ్ 'ఈ అండ్ ఏ'. 'బై ద థ్రోట్' దగ్గరికి వచ్చేసరికి పంక్తులు పొట్టివయ్యాయి, ప్రాసలు పలచబడ్డాయి, గొంతు పాట వైపు జారింది. అప్పటికి పదేళ్ళుగా రేడియోలో మోగుతున్న ర్యాప్ రాక్ ధోరణికి ఎంతో గొప్ప బ్యాటిల్ ర్యాపర్ లొంగిపోయాడన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. గిటారును పక్కన పెట్టి చూసినా, ర్యాపర్ తన పదునును వదులుకోవడం నష్టమే.

డ్రమ్ముల గది

రెండో చెవి గారు రేడియోలో మోగిన ర్యాప్ రాక్ అన్నారు కనుక కొంచెం వెనక్కి వెళ్ళవలసి వస్తోంది. ర్యాప్‌లోకి రాక్ 1990ల చివరలో ప్రవేశించలేదు, పునాదిలోనే ఉంది. బ్రాంక్స్‌లో ఆఫ్రికా బంబాటా వంటి తొలితరం డీజేలు ఫంక్ రికార్డులతో పాటు రాక్ రికార్డులను కూడా తిప్పేవారు. వారికి వాటిలో కావలసింది గిటారు కాదు, డ్రమ్ములు ఒంటరిగా మోగే ఆ కొద్ది సెకన్లు. ఏరోస్మిత్ బృందం 1975 నాటి 'వాక్ దిస్ వే' మొదట్లో జోయ్ క్రేమర్ వాయించిన దరువును రెండు ప్రతులతో మళ్ళీ మళ్ళీ తిప్పి, పాడే భాగం రాకముందే వెనక్కి లాగేసి, దాని మీద ర్యాప్ చెప్పుకునేవారు. రన్ డీఎంసీ అనే ర్యాప్ బృందం సభ్యులకు ఆ పాట అలాగే పరిచయం. 1986లో నిర్మాత రిక్ రూబిన్ చొరవతో వారు ఏరోస్మిత్‌తో కలిసి దాన్ని మళ్ళీ పాడినప్పుడు అది అమెరికా హాట్ 100 జాబితాలో 4వ స్థానానికి చేరింది. అంతకు రెండేళ్ళ ముందే రన్ డీఎంసీ పాట 'రాక్ బాక్స్'లో ఎడ్డీ మార్టినెజ్ గిటారు వినబడింది. అదే 1986లో ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బమ్‌ను లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ దరువుతో ప్రారంభించారు. ఆ ఆల్బమ్‌లోనే స్లేయర్ అనే మెటల్ బృందానికి చెందిన కెర్రీ కింగ్ ఒక పాటలో సోలో వాయించాడు.

బోనమ్ దరువు సంగతి వచ్చింది కనుక ఒక్క మాట. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్లున్న హాలులో డ్రమ్ములు పెట్టి, మైకులను పైన మెట్ల దగ్గర వేలాడదీసి ఆ శబ్దాన్ని పట్టుకున్నారు. ఆ దరువులో మనం వినేది డ్రమ్ములను మాత్రమే కాదు, ఆ గోడలను కూడా. ర్యాపర్లు దాన్ని అంతగా ఇష్టపడడానికి ఆ ఖాళీయే కారణమని నేను అనుకుంటాను, ఎందుకంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఒక మనిషి నిలబడి మాట్లాడగలిగినంత చోటు అందులో ఉంది. పాతకాలపు ర్యాప్‌కు రాక్ ఇచ్చిన మొదటి కానుక ఆ చోటు. గిటారు ఆ తరువాత వచ్చి దాన్ని నింపేసింది. జంటలైనా బృందాలైనా ఈ రెంటినీ కలపబోయి ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మిక్సర్ బల్ల

డ్రమ్ముల గది గారి చివరి వాక్యాన్ని నేను నా చెవులతో నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ర్యాపర్, ఒక గిటారు వాద్యకారుడు కలిసి చేసిన నాలుగు పాటలను మిక్స్ చేసే పని నాకు అప్పగించారు. గిటారును డిస్టార్షన్‌తో, అంటే శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చి, రెండుసార్లు వాయించి ఎడమ కుడి వైపులకు పరిచారు. విడిగా వింటే అద్భుతంగా ఉంది. గొంతు చేర్చగానే మాటలు మాయమయ్యాయి. గొంతు పెంచితే అది పాటలో కలవకుండా పక్క గదిలో మోగే రేడియోలా వినబడింది. మూడు రాత్రులు దానితో కుస్తీ పట్టాను.

కారణం సులభంగానే చెప్పవచ్చు. మాటలో అర్థాన్ని మోసేవి ఎక్కువగా హల్లులు. మన వ్యాకరణం పరుషాలు, ఊష్మాలు అని పిలిచే క, ట, ప, స వంటి ధ్వనుల స్పష్టత చాలావరకు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్‌ల మధ్య, కొన్నింటిది అంతకంటే పైన ఉంటుంది. డిస్టార్షన్ పెట్టిన గిటారు కొత్త అనుస్వరాలను (హార్మోనిక్స్‌ను) పుట్టించి సరిగ్గా ఆ చోటులోనే కూర్చుంటుంది. పైగా డిస్టార్షన్ శబ్దంలోని ఎత్తుపల్లాలను అణచివేసి ఒకే మట్టంలో నిలబెడుతుంది కనుక, హల్లు బయటపడడానికి సందు దొరకదు. పాడేవారికి ఇది అంత పెద్ద సమస్య కాదు, ఎందుకంటే పాటలో అచ్చును సాగదీయవచ్చు. ర్యాపర్‌కు సాగదీసే వ్యవధి ఉండదు. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లుతో ముగుస్తాయి కనుక ప్రాస కుదిరే చోటే మునిగిపోతుంది. అచ్చుతో ముగిసే తెలుగు మాటకు ఈ బాధ కొంత తక్కువని నా అనుభవం.

చివరికి నేను చేసింది రెండే పనులు. గిటారులో 3 కిలోహెర్ట్జ్‌ల చుట్టూ కొద్దిగా తగ్గించాను. చరణం నడిచేటప్పుడు తీగలను అరచేతి అంచుతో అదిమి పొట్టిగా వాయించమని, పల్లవిలో మాత్రమే పూర్తిగా వదలమని గిటారు వాద్యకారుణ్ణి అడిగి ఆ భాగాలను మళ్ళీ రికార్డు చేయించాను. రెండో పనే పాటను కాపాడింది. 'బై ద థ్రోట్'ను నేను వినేటప్పుడు గమనించేది కూడా ఇదే. మాటలు దట్టంగా ఉన్నచోట వెనుక శబ్దం ముక్కలై ఉంటుంది, గొంతు పాట వైపు వెళ్ళినచోట అది విచ్చుకుంటుంది.

కొత్త శ్రోత

ఈ జంటను ఈ చర్చ చూశాకే మొదటిసారి విన్నాను. మిక్సర్ బల్ల గారు చెప్పిన విషయం అర్థమైంది. అయితే పాత క్యాసెట్ గారు స్క్రాచ్‌ను లీడ్ గిటారుతో పోల్చిన సంగతి నాకింకా అందలేదు. నా చెవికి స్క్రాచ్ అంటే గీకుడు శబ్దమే. దానిలో స్వరం ఎక్కడుంది?

సూది గాడి

కొత్త శ్రోత గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నేను పదిహేనేళ్ళుగా టర్న్‌టేబుల్ సాధన చేస్తున్నాను కనుక చేతులు ఏం చేస్తాయో చెబుతాను.

రికార్డు కింద జారుడు గుడ్డ ఉంటుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పళ్ళెం ఆగదు, వేళ్ళు రికార్డును మాత్రమే పట్టుకుంటాయి. రికార్డును ముందుకు తోస్తే శబ్దం వేగంతో పాటు స్థాయి కూడా పెరుగుతుంది, నెమ్మదిగా లాగితే దిగుతుంది. అంటే స్వరం ఒక మెట్టు మీద నిలబడదు, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారుతుంది. మన సంగీతంలో దీనినే జారు అంటారు. గిటారు వాద్యకారుడు తీగను పక్కకు నెట్టినప్పుడు జరిగేది కూడా ఇదే. రెండో చెయ్యి క్రాస్‌ఫేడర్ మీద, అంటే శబ్దాన్ని వినబడేలా చేసే, ఆపే జారుడు మీట మీద ఉంటుంది. దాన్ని తెరిచి మూయడం ద్వారా ఆ జారుడును అక్షరాలుగా కోస్తాము. బొటనవేలిని ఆనించి మిగిలిన వేళ్ళను ఒకదాని వెంట ఒకటి ఫేడర్ మీదుగా చిటికె వేసినట్టు జార్చితే ఒక్క జారుడులో మూడు నాలుగు ముక్కలు వస్తాయి. దానిని క్రాబ్ అంటారు. కాబట్టి ఒక చెయ్యి అచ్చు, మరో చెయ్యి హల్లు అనుకోండి.

ఇక్కడ మిక్సర్ బల్ల గారి మాటకు తిరుగు వైపు ఒకటి ఉంది. డిస్టార్షన్ శబ్దాన్ని ఒకే మట్టంలో నిలబెడుతుందని వారు అన్నారు. గొంతుకు అది శత్రువు కావచ్చు కాని, స్క్రాచ్‌కు అంతకంటే మంచి సరుకు లేదు. మామూలు గిటారు స్వరం మీటిన వెంటనే క్షీణిస్తుంది కనుక గాడిలో ఎక్కడ చెయ్యి వేస్తే అక్కడ ఒక్కో బలం వస్తుంది. డిస్టార్షన్ పెట్టిన స్వరం పొడవునా ఒకే బలంతో ఉంటుంది కనుక వేళ్ళకు తడబాటు ఉండదు, ఫేడర్ తెరిచిన ప్రతిసారీ నిండైన శబ్దం సిద్ధంగా ఉంటుంది. ర్యాపర్, నిర్మాత ఎల్-పీ 2002లో విడుదల చేసిన 'ఫెంటాస్టిక్ డ్యామేజ్'లో కూడా ఎబిలిటీస్ స్క్రాచ్ ఉంది. ఆ ఆల్బమ్ శబ్దం ఎంత గరుకుగా ఉంటుందో విన్నవారికి తెలుసు. అంత గరుకుదనం మధ్య తన గీత విడిగా వినబడేలా గీయడం అతనికి 'బై ద థ్రోట్'కు ఏడేళ్ళ ముందే చేతికి అలవాటైన పని.

డ్రమ్ముల గది

సూది గాడి గారు సరుకు అన్నారు కనుక గుర్తుకు వచ్చింది. 1987లో వచ్చిన ఎస్పీ-1200 శాంప్లర్‌లో, అంటే రికార్డుల నుంచి తీసిన శబ్దపు ముక్కలను దాచుకుని తిరిగి వాయించే యంత్రంలో, మొత్తం మీద సుమారు 10 సెకన్ల శబ్దమే పట్టేది. దాన్ని పొదుపుగా వాడుకోవడానికి నిర్మాతలు నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 చుట్ల వేగంలో తిప్పి శాంపిల్ తీసుకుని, తరువాత యంత్రంలో నెమ్మదింపజేసేవారు. 45ను 33తో పోలిస్తే స్థాయి సుమారు ఐదు స్వరస్థానాలు పెరుగుతుంది, దాన్ని తిరిగి దించేసరికి 12 బిట్ల శబ్దంలో ఇసుక కలిసినట్టు ఒక గరుకుదనం చేరుతుంది. పాతకాలపు ర్యాప్‌లో మనం ఇష్టపడే ఆ మురికి శబ్దం కూడా ఒక రకం డిస్టార్షనే. ఆంప్లిఫయర్‌ను దాని హద్దు దాటించి గిటారు వాద్యకారులు రాబట్టినదాన్ని వీరు జ్ఞాపకశక్తి చాలని యంత్రం నుంచి రాబట్టారు. ఈ రెండు సంగీతాలూ కలిసినప్పుడు సహజంగా అనిపించడానికి ఇది ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

అంత్యప్రాస

ఇంతవరకు చర్చ అంతా వాద్యాల చుట్టూ తిరిగింది. రెండో చెవి గారు లేవనెత్తిన అసలు అభ్యంతరానికి, అంటే ప్రాసలు పలచబడ్డాయన్న మాటకు, ఎవరూ జవాబు చెప్పలేదు. అది తీసిపారేయదగిన మాట కాదు.

'ఫస్ట్ బోర్న్'లో ఐడియా పంక్తి చివర ఒక ప్రాస పెట్టి ఊరుకోడు. పంక్తి లోపల రెండు మూడు చోట్ల అదే అచ్చుల వరుసను తిప్పి, వాక్యాన్ని పంక్తి దాటించి, తరువాతి పంక్తి మధ్యలో ముగిస్తాడు. పద్యం తెలిసినవారికి పాదం దాటి సాగే వాక్యం ఎంత ఊపునిస్తుందో చెప్పనవసరం లేదు. అది బ్యాటిల్‌లో అవసరమైన ఆయుధం, ఎందుకంటే అక్కడ ప్రత్యర్థికీ శ్రోతకూ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకూడదు. కాని దుఃఖం గురించి మాట్లాడేటప్పుడు శ్రోతకు ఊపిరి ఆడనివ్వకపోతే అతను మాటల నేర్పును మెచ్చుకుంటాడే తప్ప దుఃఖాన్ని వినడు. ఐడియాకు ఈ సంగతి తెలిసిందని నేను అనడానికి ఆధారం ఆల్బమ్‌ల మధ్య అతను చేసిన పనులే. ఫేస్ క్యాండీ పేరుతో వాద్యకారులతో కలిసి వేదిక మీద ముందస్తు సిద్ధత లేకుండా పాడాడు, ఆ రికార్డింగు 2006లో వచ్చింది. తరువాత కార్బన్ కారొసెల్ అనే రాక్ బృందాన్ని నడిపాడు. ఊపిరి తీసుకునే మనుషులు పక్కన వాయిస్తుంటే, వారికి చోటు ఇవ్వకుండా ఎవరూ ఎక్కువసేపు పాడలేరు. 2004కూ 2009కీ మధ్య అతని గొంతు నేర్చుకున్నది ఆ చోటు ఇవ్వడమేనని నా అభిప్రాయం. దీనిని లొంగుబాటు అనడం అన్యాయం అవుతుంది.

రెండో చెవి

అంత్యప్రాస గారూ, కార్బన్ కారొసెల్ సంగతి నాకు తెలుసు గాని దాన్ని ఈ ఆల్బమ్‌తో ముడిపెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. లొంగుబాటు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. రాక్ వైపు వెళ్ళాలనుకున్న ఐడియాకు సొంత బృందం ఉండగా, మళ్ళీ ఎబిలిటీస్‌తో ఇద్దరే మిగిలి, టర్న్‌టేబుల్‌తోనే రాక్ చేయడం ఎందుకు? డయలెక్ అనే ర్యాప్ బృందాన్ని చూడండి. న్యూజెర్సీ నుంచి వచ్చిన ఆ బృందం శబ్దపు గోడలనే తన భాషగా చేసుకుంది, 2002లో రాక్ గాయకుడు మైక్ ప్యాటన్ నడిపే ఇపెకాక్ సంస్థ ద్వారా ఆల్బమ్ విడుదల చేసింది, జర్మన్ రాక్ బృందం ఫౌస్ట్‌తో కూడా కలిసి రికార్డు చేసింది. రన్ ద జ్యువెల్స్ అనే ర్యాప్ జంట తమ రెండవ ఆల్బమ్‌లోని ఒక పాటకు రాక్ బృందం రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ గాయకుడు జాక్ డి లా రోచాను పిలిచింది. వీరంతా గీత దాటి వెళ్ళారు. ఐడియా, ఎబిలిటీస్ గీత మీద నిలబడిపోయారన్నది నా సందేహం.

సూది గాడి

గీత మీద నిలబడడమే వారి ఎంపిక అని నేను అంటాను. వేదిక మీద ఇద్దరే ఉన్నప్పుడు ఏమవుతుందో ఒకసారి ఊహించండి. డ్రమ్మర్ ఉంటే ర్యాపర్ తడబడినా దరువు ఆగదు, గిటారు ఉంటే శ్రోత చూపు అటు వెళుతుంది. ఇద్దరే ఉంటే డీజే వెనుక నిలబడి పాట ఆడించే మనిషి కాలేడు, ప్రతి సందులోనూ జవాబు చెప్పవలసిందే. ఐడియా బ్యాటిల్‌లో ప్రత్యర్థి మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పి గెలిచినవాడు, ఎబిలిటీస్ కూడా డీఎంసీ అనే డీజేల పోటీ ప్రాంతీయ అంచెల్లో టర్న్‌టేబుల్‌తో గెలిచినవాడు. ఆ పోటీ వేడిని ఒకరి మీద ఒకరు కాకుండా ఒకే పాట మీద పెట్టారు. బృందంలో ఐదుగురు ఉంటే అది పలచబడేది.

ఊరి సంగతి కూడా మరచిపోకూడదు. పంక్ రాక్ బృందం హస్కర్ డూ పుట్టింది సెయింట్ పాల్‌లోనే, అలాంటిదే మరో బృందం రిప్లేస్‌మెంట్స్ పుట్టింది పక్కనున్న మినియాపొలిస్‌లో. రైమ్‌సేయర్స్ సంస్థ 1995లో అక్కడే మొదలై, తమ రికార్డులను తామే అమ్ముకుని, తమ పర్యటనలను తామే ఏర్పాటు చేసుకుని పెరిగిన తీరు పంక్ సంస్థల తీరే. 'ఈ అండ్ ఏ' ఎపిటాఫ్ సంస్థతో కలిసి విడుదలైంది. బ్యాడ్ రిలీజియన్ బృందపు గిటారు వాద్యకారుడు బ్రెట్ గురెవిట్జ్ నడిపే పంక్ సంస్థ అది. రాక్ వారి దగ్గరికి 2009లో గిటారు పట్టుకుని రాలేదు, 2004 నాటికే వారి రికార్డు అట్ట మీద ఉంది.

మిక్సర్ బల్ల

రెండో చెవి గారికి ఒక చిన్న పరీక్ష సూచిస్తాను. 'బై ద థ్రోట్'లో మీకు నచ్చని పాటను ఏదైనా తీసుకుని, శబ్దం బాగా తగ్గించి, గుసగుసలా వినబడే స్థాయిలో వినండి. మిక్స్ చేసేవారు సమతూకం చూసుకోవడానికి వాడే పద్ధతి ఇది. ఆ స్థాయిలో గిటారు బరువు పోయి, గొంతు, స్నేర్ డ్రమ్ము, స్క్రాచ్ మిగులుతాయి. అప్పుడు వినబడేది ర్యాప్ పాటేనా కాదా అన్నది మీరే చెప్పండి.

కొత్త శ్రోత

ఆ పరీక్ష నేను కూడా చేశాను. 'జంక్'తో మొదలుపెట్టాను. సూది గాడి గారు అచ్చు, హల్లు అని చెప్పిన తరువాత స్క్రాచ్ నాకు గీకుడులా వినబడడం మానేసింది. ఎవరో నోరు తెరవకుండా మాట్లాడుతున్నట్టు ఉంది. ఆ తరువాత అదే ఆల్బమ్‌లోని 'స్మైల్' పెట్టాను. ఐడియా ఏడాది తరువాత లేకుండా పోయాడని తెలిసి వినడం వల్ల కావచ్చు, పల్లవి దగ్గర గొంతు మాటకూ పాటకూ మధ్య నిలిచినప్పుడు కాసేపు ముందుకు వెళ్ళలేకపోయాను.

రెండో చెవి

చేశాను. 'బర్న్ ఫెటిష్' తీసుకున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళుగా నేను దాటవేసిన పాట అదే. తగ్గించి వింటే స్నేర్, గొంతు స్పష్టంగా ముందుకు వచ్చాయి. ప్రాసలు నేను అనుకున్నంత పలచగా లేవు. అవి పంక్తి చివరన కాకుండా లోపల ఉన్నాయి, గిటారు మోతలో నేనే వాటిని వెతకలేదు. అయితే పూర్తి శబ్దంలో వింటే అవి మళ్ళీ మునిగిపోతున్నాయి కనుక, మిక్స్ గురించి నా అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. మిక్సర్ బల్ల గారి చేతిలో ఉండి ఉంటే ఆ 3 కిలోహెర్ట్జ్‌ల చుట్టూ ఇంకొంచెం తగ్గించేవారేమో.

మిక్సర్ బల్ల

ఆ పాటలో అయితే, అవును, తగ్గించేవాణ్ణి.

పాత క్యాసెట్

అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి పోస్టులో ఒక సవరణ చేసుకుంటున్నాను. స్క్రాచ్ లీడ్ గిటారు పని చేస్తోందని రాశాను. డ్రమ్ముల గది గారు చెప్పిన ఆ ఖాళీ సంగతి, అంత్యప్రాస గారు చెప్పిన ఊపిరి సంగతి చదివాక, ఆ పని జరగాలంటే ముందు ర్యాపర్ చోటు వదలాలని తెలిసింది. 'ఫస్ట్ బోర్న్'లో ఆ చోటు పాటల మధ్యలో అక్కడక్కడ మాత్రమే దొరుకుతుంది, 'బై ద థ్రోట్'లో దాదాపు ప్రతి చరణానికీ దొరుకుతుంది. ఈ రాత్రి 'ఫస్ట్ బోర్న్'ను మళ్ళీ మొదటి నుంచి వింటూ, ఐడియా ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నాడో, అక్కడ ఎబిలిటీస్ చెయ్యి ఏం చేసిందో నిమిషాలు సెకన్లతో సహా రాసుకుంటున్నాను. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను. సూది గాడి గారు స్క్రాచ్‌ల పేర్లు సరిచూడవలసిందిగా మనవి.